డ్రమ్ముల మీద ఊరి పేరు

తిరుపతిలో మేము కొత్తగా అద్దెకు దిగిన ఇంటి మేడ మీద ఒక నీలం రంగు ఇనుప డ్రమ్ము ఉంది. ఇంటావిడ అందులో మట్టి నింపి కరివేపాకు చెట్టు పెంచుతోంది. మొన్న ఉదయం దండెం మీద దుప్పటి ఆరేస్తుంటే దాని తడి అంచు డ్రమ్ముకు రాసుకుని, కొన్నేళ్ల దుమ్ము పట్టీలా చెరిగిపోయింది. దుమ్ము కింద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. సగానికి పైగా పెచ్చులూడిపోయాయి. చివరి ఎమ్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన ఒక చుక్క ఉంది. కుంచె మొనతో, బొట్టు పెట్టినట్టు పెట్టిన చుక్క.

కొండ వైపు నుంచి వచ్చే గాలికి దుప్పటి ఎగిరి నా మొహాన్ని కప్పుతోంది. దాన్ని సరిచేయాలని కూడా తోచలేదు. ఆ తెల్లటి గుడ్డ వెనక, ఒక వేసవి మధ్యాహ్నపు షెడ్డులో, ఆమె డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని ఉన్నట్టే అనిపించింది.

ఆమె పోయి ఏడాది దాటింది. పేరు రాయను. ఫ్యాక్టరీలో కూడా ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. అందరికీ మార్కింగక్క. నాకు ఉట్టి అక్క.

పూతలపట్టు దాటాక రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. కాయల కాలం వచ్చిందంటే ఆ రెండు మూడు నెలలూ గాలి కూడా పసుపు రంగులో ఉందనిపించేది. చొక్కాలో వాసన, అన్నంలో వాసన, నిద్రలో వాసన. నేను గేటు దగ్గర వేబ్రిడ్జిలో లారీల తూకం రాసేవాణ్ణి. కాయ నా ముందు లోపలికి పోయేది. గుజ్జయి, సంచుల్లోకి ఎక్కి, ఆ సంచులు ఇనుప డ్రమ్ముల్లోకి దిగి, చిట్టచివర అక్క ముందుకు వచ్చేవి. ఆమె పని, ప్రతి డ్రమ్ము మీదా అది చేరవలసిన రేవు పేరు వేయడం. అక్షరాల ఆకారంలో కోసిన రేకును డ్రమ్ముకు ఆనించి, తెల్ల రంగులో ముంచిన పొట్టి కుంచెతో అద్దాలి.

"పూయగూడదు సామీ, పొడవాల," అనేది. "పూస్తే కారిపోతాది. ఊరి పేరు కారిపోతే యాడికి పోతాది పాపం?"

ఎక్కువ డ్రమ్ములు పోయేది ఒక్క ఊరికే. రోటర్‌డ్యామ్. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగే కూడబలుక్కుని చదివేది. కానీ ఆ పేరులోని తొమ్మిది అక్షరాలనూ ఇంట్లో మనుషుల్లా ఎరుగును. మొదటిది కాలు చాపుకున్నోడు. తర్వాత సున్న. ఆ తర్వాత జంట గుంజలు. వాటి పక్కన దువ్వెన. రేకు వేసి తీశాక ఒక్కో అక్షరాన్నీ చూపుడువేలితో, తగలకుండా, గాలిలోనే తడిమేది. అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాక చివర కుంచె మొనతో ఆ చుక్క పెట్టేది. సూపర్‌వైజరు ఎన్నోసార్లు కోప్పడ్డాడు, రేకులో లేని చుక్క ఎందుకని.

"ఊరికి పంపిస్తా బొట్టు పెట్టకుండా ఎట్లప్పా పంపేది?" అని ఆమె మళ్ళీ పెట్టేది.

డ్రమ్ములను ఆమె పిలకాయలు అనేది. మా వైపు పిల్లలను అలాగే అంటాం. సొట్ట పడిన డ్రమ్ము వస్తే, "ఏమిరా, ఊరు దాటకముందే తగిలించుకున్యావా?" అని దాని నెత్తిన చరిచేది. పేరు వేశాక సొట్ట పడినా సరే, అలాంటివాటిని ఎగుమతికి తీసుకోరు. పాత సామాన్ల వాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. అలా మిగిలిపోయినవాటిలో ఒకటి ఈ మేడకు చేరి ఉంటుంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా చిత్తూరు గ్రంథాలయంలోనే. శుక్రవారం సెలవు తప్ప, డ్యూటీ లేని ఏ రోజైనా అక్కడే నా మకాం. చరిత్ర, భూగోళం, యాత్రలు, దొరికినవన్నీ బీరువాల వరుసలో చదువుకుంటూ వచ్చాను. వేబ్రిడ్జిలో కూడా నా బల్ల కింద ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. అందుకే ఏ సందేహం వచ్చినా అక్క నా దగ్గరికే వచ్చేది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చి, నా గది గడప మీద కూర్చుంది.

"ఆ ఊర్లో సదివేవోళ్ళు ఉండారా సామీ?"

"ఏ ఊళ్ళో?"

"మన పిలకాయలు పోయే ఊర్లో."

"ఎందుకుండరక్కా? ఆ దేశంలో చదువు రానివాళ్ళంటూ ఉండరు," అని, ఆ దేశం సముద్రం కంటే కిందకి ఉంటుందనీ, నీటిని గోడ కట్టి ఆపుతారనీ చదివిందంతా చెప్పాను. ఆమె కంచంలో సంగటి ముద్దను వేలితో నొక్కుతూ వింది.

"అంత సదువుకున్నోళ్ళు, ఇన్నేండ్లుగా రాస్తా ఉంటే ఒక్కడన్నా జవాబు రాయలేదే? నేను రాసింది సదువుతారా, లేకుంటే సూడకుండానే గీకేస్తారా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె మొహంలో నవ్వు లేదు.

ఆ ఏడే ఫ్యాక్టరీలోకి కబురొచ్చింది, వచ్చే కాపు నుంచి రేకూ కుంచే ఉండవని. పేర్లు అచ్చువేసి అంటించే మిషను వస్తోంది. అక్కకు మూతల దగ్గర వేరే పని ఇస్తామన్నారు. ఆమె దానికేమీ బాధపడినట్టు కనిపించలేదు. రెండు రోజుల తర్వాత మాత్రం నేరుగా వచ్చి చెప్పింది.

"నేను ఆ ఊరు సూసి రావాల. ఈ తూరి పోయేవే ఆఖరివి. ఇంగో ఏడాదికి నా రాత ఆడ ఉండదు. ఎవురన్నా సదువుతారో లేదో నా కండ్లతో సూడాల. ఏమేం కాగితాలు కావాల్నో నువ్వు కనుక్కో."

ఆదివారం ఆమెను చిత్తూరు గ్రంథాలయానికి తీసుకుపోయాను. పెద్ద అట్లాసు తీసి, ఆ పేజీ విప్పి, ఆమె ముందు పెట్టాను. ఫ్యాను గాలికి పేజీ అంచు లేస్తూ పడుతూ ఉంది. ఆమె కాలు చాపుకున్నోడి కోసం, జంట గుంజల కోసం వెతికింది. చీమ తలకాయంత అక్షరాల్లో తన ఊరు దొరకగానే వేలు అక్కడ ఆనించి, ఎంతసేపటికీ తీయలేదు. ఆ పక్కనే సముద్రం లేత నీలంగా ఉంది. "రోటర్‌డ్యామ్" అని చదివి వినిపించాను. పెదాలతో రెండుసార్లు అనుకుంది. రేడియోలో వినబడీ వినబడని పాటను పట్టుకోబోతున్నట్టు తల కొంచెం వంచింది. నేనూ అప్పుడు ఆ నీలంలోకి దిగిపోయాను. నేను చదివిన కాలువలు, గాలిమరలు, వంతెనల కింద మెల్లగా జారిపోయే పడవలు. ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఒక ఊరిని కలగంటున్న ఇద్దరు మనుషులని, ఇద్దరి ఊరూ ఒకటి కాదని, నాకు తెలియలేదు.

పర్యాటక వీసా దరఖాస్తు నేనే నింపాను. భర్త: లేరు. పిల్లలు: లేరు. ఆ దేశంలో బంధువులు: లేరు. ఫ్యాక్టరీ ఇచ్చిన సెలవు కాగితం, బ్యాంకు కాగితాలు, మద్రాసు నుంచి బయలుదేరే ఒక యాత్రా బృందంలో ఆమెకు దొరికిన చోటు తాలూకు రసీదు, బీమా, అన్నీ దారం కట్టినట్టు వరుసలో పెట్టాను. వాటి మీద ఒక ఉత్తరం ఉండాలి, ఎందుకు వస్తున్నారో చెబుతూ. అది నేనే ఇంగ్లీషులో రాశాను. రెండు పేజీలు. ఈమెకు చిత్రకళ అంటే మక్కువ అని, అక్కడి చిత్రశాలలూ కాలువలూ చూడాలనేది చిరకాల వాంఛ అని, రంగురంగుల పూలతోటల్లో నడవాలని ఉందని రాశాను. నా జీవితంలో నేను రాసిన మంచి ఇంగ్లీషు అదే. చదివి వినిపించనా అంటే, "నాకేం తెలుస్తాది, నువ్వు రాస్తే సరిగ్గానే ఉంటాది," అని సంతకం పెట్టేసింది.

మద్రాసు వెళ్లి కాగితాలూ వేలిముద్రలూ ఇచ్చి వచ్చాము. వారం తర్వాత, గుజ్జు పని ముమ్మరంగా సాగుతున్న ఒక పగలు, షెడ్డులోకి ఒక చీటీ ఇవ్వడానికి వెళ్లాను. అక్క చేతుల నిండా రంగు. ఫోను డ్రమ్ము మూత మీద పెట్టి, అందరికీ వినబడేలా నొక్కి, ఆవిరి హోరులో గట్టిగా మాట్లాడుతోంది. అవతల ఒక ఆడ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా. వీసా ఆఫీసు నుంచి.

"అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్?"

"ఉండారు కదమ్మా! మా పిలకాయలు!"

"పిల్లలా? దరఖాస్తులో పిల్లలు లేరని ఉందే?"

"కన్న పిలకాయలు లేరు తల్లీ. వీళ్ళు ఏటా ఆడికే పోతా ఉంటారు."

నాకూ ఆమెకూ మధ్య డ్రమ్ముల వరుస కదులుతోంది. దాటడానికి సందు లేదు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాను. ఆమె నన్ను చూసి, గొంతు పెంచమంటున్నాననుకుని ఇంకా గట్టిగా మొదలుపెట్టింది.

"ఎంతమంది మేడమ్?"

"లెక్క పెట్నానా? శానా మంది!"

"వాళ్ళు తిరిగి వస్తుంటారా?"

"యాడ తల్లీ! పోయినోళ్ళు పోయినట్టే. ఒక్కడూ తిరిగి రాలేదు!"

తర్వాత ఆ గొంతు ఇంకా మెత్తగా అడిగింది. "మీ ఉత్తరంలో పూలతోటలు చూడాలని ఉంది. ఆ పూలు ఈ కాలంలో పూయవు, తెలుసా?"

"పూలా? పూల కోసరం అంత దూరం ఎందుకమ్మా, మా తిరపతిలో లేవా!" అని అక్క పకపకా నవ్వింది. మూతలు బిగించేవాళ్ళు కూడా నవ్వారు. ఫోను పెట్టేశాక నా వైపు చూసి, తెల్ల రంగు అంటిన బొటనవేలు పైకెత్తింది. "శానా మంచి పాప. అన్నీ ఇగురంగా అడిగింది."

పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. కవరు విప్పి, లోపలి కాగితం నేను చూడకముందే ఆమె చూసి, వేబ్రిడ్జి దాకా పరుగెత్తుకొచ్చింది.

"టిక్కులు పెట్నారు సామీ! రెండు టిక్కులు!"

బళ్ళో పలక మీద సరి అని పెట్టే గుర్తు ఒక్కటే ఆమెకు తెలుసు. ఆ కాగితంలో అది వీసా నిరాకరించడానికి కారణాల పక్కన ఉంది. వచ్చే కారణం నమ్మదగ్గట్టు లేదు, ఒక టిక్కు. గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు, ఇంకో టిక్కు. నేను చదివి చెబుతున్నంతసేపూ ఆమె ఆ గుర్తుల వైపే చూస్తూ ఉంది. అంత తీరుగా గీసినవి తప్పు ఎలా అవుతాయన్నట్టు.

అప్పుడు నా ఉత్తరంలో ఏముందో చెప్పక తప్పలేదు. చిత్రశాలలు, కాలువలు, పూలతోటలు. తల దించుకుని ఒక్కో మాటకూ తెలుగు చెప్పాను. అంతా విని ఆమె అడిగింది.

"ఆ ఉత్తరంలో పోతా ఉండేది ఎవురప్పా? నువ్వా, నేనా?"

తూకం కోసం వచ్చిన లారీవాడు హారన్ కొడుతున్నాడు. అక్క లేచి, కొంగు దులుపుకుని, "ఆఖరివి ఇంగా ఆడికి సేరలేదు. ఈ తూరి నేను సెప్తా, నువ్వు రాయి," అంది.

రెండో ఉత్తరం వేబ్రిడ్జి బల్ల మీదే రాశాము. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, దాన్నే ఇంగ్లీషులోకి మార్చాను. ఒక్క మాట కూడా నాది కలపలేదు. తెలుగు కాగితం చాలాకాలం నా దగ్గరే ఉండేది. దాదాపు కంఠతా వచ్చు.

"అయ్యా, అమ్మా. నేను రేకు వేసి మీ ఊరి పేరు రాసేదాన్ని. వచ్చే కాపు నుంచి మిషను రాస్తాది. నేను రాసిన ఆఖరి డ్రమ్ములు మీ ఊరికి వస్తా ఉండాయి. నా రాత ఆడ ఎవురన్నా సదువుతారా అని సూసేదానికి వస్తాను. పిలకాయలని ఫోన్లో సెప్పింది ఈ డ్రమ్ముల్నే. నాకు వేరే పిలకాయలు లేరు. సూసినాక ఆడ నాకు పని లేదు. ఈడ నాకు ఒక ఆవు ఉండాది. అది నాకు తప్ప ఎవురికీ పాలియ్యదు."

"ఆవు సంగతి ఎందుకక్కా?" అన్నాను.

"నేను తిరిగి వస్తానో రానో అనే కదా వాళ్ళ దిగులు? రాయి."

"మరి నువ్వు లేని వారం రోజులూ ఎవరు పిండుతారని అడిగితే?"

దానికి ఆమె ఊళ్ళో అందరికీ తెలిసిన ఉపాయం ఒకటి ఉంది. "అది గూడా రాయి. వారం దాకా మా సెల్లెలు నా సీర కట్టుకోని పిండుతాది. వాసన సూసి నేనే అనుకుంటాది ఆవు. అంతకంటే ఎక్కువ దినాలు ఆవును ఏమార్చలేము."

అది కూడా రాశాను. ఉత్తరానికి ఒక తెల్ల కాగితం జతచేసింది. దాని మీద రేకు పెట్టి నల్ల రంగుతో ఊరి పేరు అద్ది, చివర చుక్క పెట్టింది. సూపర్‌వైజరు ఫ్యాక్టరీ కాగితం మీద, ఆమె చెప్పింది నిజమేనని ముద్ర వేసి ఇచ్చాడు. అలాంటిదే ఇంకో కాగితం తన కోసం కూడా అద్దుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది.

ఈసారి ఫోను రాలేదు. రోజులు గడుస్తున్నకొద్దీ ఆమె మాట తగ్గిపోయింది. కాయ అయిపోయి, షెడ్డు ఖాళీ అయి, జామ లారీలు అప్పుడొకటి అప్పుడొకటి వస్తున్న రోజుల్లో, మధ్యాహ్నాలు నా గడప మీద కూర్చుని రోడ్డు వైపు చూసేది. "ఇప్పుడు యాడుంటారో," అనేది, ఎవరితోనో కానట్టు. నేను అట్లాసు గుర్తు తెచ్చుకుని ఏదో సముద్రం పేరు చెప్పేవాణ్ణి. మా ఇద్దరి ముందూ ఎండలో తారు రోడ్డు మీద నీళ్ళు లేని నీళ్ళు మెరుస్తూ ఉండేవి. ఆ మెరుపు మీద డ్రమ్ములు తేలుతూ పోతున్నట్టు ఆమెకు కనబడేదేమో. నాకైతే కనబడింది.

కవరు వచ్చిన రోజు ఆమె విప్పలేదు. నా చేతికిచ్చింది. పాస్‌పోర్టు లోపలి పేజీలో వీసా అంటించి ఉంది. చూపించాను. ఆమె దాన్ని వెలుతురుకు అటూ ఇటూ వంచి, అక్షరాల అంచులు పరీక్షగా చూసింది.

"బాగా ఏసినారు. యాడా సెదర్లేదు," అంది. ఆ తర్వాతే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ బృందంతో వెళ్లింది. ఆవు పాలు తగ్గించిందని ఆమె చెల్లెలు నాతో మొర పెట్టుకునేసరికి, తొమ్మిదో నాడు వచ్చేసింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా, భుజాన సంచితోనే ఫ్యాక్టరీకి నడిచొచ్చింది. చలికి పెదాలు పగిలి ఉన్నాయి.

"కనబడినాయా అక్కా?" అన్నాను.

"లేదు సామీ. పడవలో తిప్పి సూపించినారు. అన్నీ ఇనప పెట్టెలే. మూడంతస్తుల మిద్దెల మాదిరి పేర్చి పెట్నారు, నీళ్ళ పొడుగునా. ఏ పెట్టెలో మనోళ్ళు ఉండారో ఎవురికి తెలుస్తాది?" చెబుతూ చెబుతూ అక్కడి మంచులోకే వెళ్లిపోయినట్టు ఆగింది. "తెల్లారి ఎంత పొద్దెక్కినా పొగ మాదిరి ఉండాది ఆడ. పెట్టెలు ఉండీ లేనట్టు ఉండాయి. పడవ పోతానే ఉండాది, నాకేమో నిద్దట్లో సూస్తాండట్టు ఉండాది."

అంత దూరం పోయి, మూసిన పెట్టెలు చూసి వచ్చిందా?

"పడవలో తాళ్ళు సుట్టే ముసలాయన ఒకాయన ఉన్న్యాడు," అంది. "దిగేటప్పుడు నా కాగితం తీసి ఆయనకు ఇచ్చినా. ఆయన సేతులు తుడుసుకోని మరీ తీసుకున్న్యాడు. దూరంగా పెట్టుకోని సదివినాడు సామీ. నా ఎదురుగ్గా నిలబడి, గట్టిగా సదివినాడు. సదివి, వేలితో ఊరంతా సుట్టూ సూపించినాడు. ఇదే అని."

"ఎలా చదివాడక్కా?"

ఆమె చెప్పింది. నేను ఆమెకు నేర్పినట్టు లేదు. ఎన్నో పుస్తకాల్లో నేను చూసి, ఎన్నడూ ఎవరి నోటా వినని ఆ పేరు, ఆమె పగిలిన పెదాల మీద వేరే పేరులా ఉంది.

"నువ్వు సెప్పింది తప్పు. ట కాదప్పా, త. డ కాదు, ద. కడాకు వచ్చేతలికి నొక్కాల. రొత్తర్‌దమ్. ఏదీ, అను."

అన్నాను.

"నొక్కలేదు నువ్వు. ఇంగోసారి."

మళ్ళీ అన్నాను. వేబ్రిడ్జి మీద జామకాయల లారీ ఆగి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, మా ఇద్దరి వైపూ వింతగా చూస్తున్నాడు. నాలుగోసారికి గానీ ఆమె తల ఊపలేదు.